విదేశీ చెక్కును రూపాయలు చేసుకోవడం: మారకం రేటు దగ్గర నష్టపోకుండా ఏం చేయాలి

2013 ఆగస్టు ఆఖరు. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉండే మా మేనమామకు అమెరికా నుంచి ఒక కవరు వచ్చింది. ఆయన అక్కడ మూడేళ్లు పనిచేసిన కంపెనీ, రావలసిన బాకీ కింద 2,000 డాలర్ల చెక్కు పంపింది. ఆ వారమంతా టీవీలో డాలరు వార్తే. రూపాయి అంతకుముందెన్నడూ లేనంతగా పడిపోయి డాలరు 68 రూపాయలు దాటింది. మామ కాగితం మీద హెచ్చవేసుకున్నారు: 1,36,000. ఆ లెక్క మనసులో పెట్టుకునే చెక్కును బ్యాంకులో ఇచ్చి వచ్చారు.

అక్టోబరులో ఖాతాలో పడింది 1,22,000 కూడా లేదు. "పద్నాలుగు వేలు బ్యాంకోళ్లు మింగేశారు అల్లుడూ" అని నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. అక్కడ కాగితాలు తీయిస్తే అసలు సంగతి తెలిసింది. చెక్కు అమెరికా వెళ్లి, డబ్బు మన బ్యాంకు చేతికి వచ్చేలోగా రూపాయి కోలుకుంది, డాలరు 61 దగ్గరికి దిగింది. డబ్బు వచ్చిన రోజు రేటు వేశారు. అందులో మోసం లేదు. కానీ చెక్కు తీసుకున్న రోజున "ఈ రోజు రేటు మీకు రాదండీ" అని కౌంటర్లో ఒక్కరూ చెప్పలేదు. ఇంకో చిన్న తప్పు కూడా దొరికింది: వేయవలసిన రేటుకు బదులు దాని కింది రేటు వేశారు. అర్జీ పెడితే ఆ తేడా తిరిగి జమ చేశారు.

నేను తిరుపతి బాలాజీ కాలనీలో ఉంటాను. ఆ తరవాత బంధువులు, ఇరుగుపొరుగు ఇలాంటి చెక్కు ఏది వచ్చినా మా ఇంటికి తెస్తున్నారు. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే: మారకం నష్టంలో మార్కెట్ వల్ల జరిగేది మన చేతిలో లేదు, మిగతాదంతా చెక్కు కౌంటర్లో ఇవ్వకముందు మనం అడగని ప్రశ్నల వల్ల జరిగేదే. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు చెక్కును చదవండి

తొందరపడి మడవకండి, పిన్ను కొట్టకండి. కింద వరుసలో ఉండే అంకెలను యంత్రం చదవాలి, వాటి మీద గీత పడినా మడత పడినా వెనక్కి రావచ్చు. ముందు, వెనక రెండు వైపులా స్పష్టంగా ఫొటో తీసుకోండి. చెక్కుతో పాటు వచ్చిన కాగితం, కవరు పారేయకండి. డబ్బు దేనికి వచ్చిందో బ్యాంకుకు చూపించడానికి అదే ఆధారం.

తేదీ దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. అమెరికాలో ముందు నెల, తరవాత రోజు రాస్తారు. 04/07 అంటే మనకు జూలై 4, వాళ్లకు ఏప్రిల్ 7. అంటే చెక్కుకు ఇంకా టైం ఉందని మీరు అనుకుంటున్నప్పటికే మూడు నెలలు కరిగిపోయి ఉండవచ్చు. మన దేశంలో ఇచ్చే చెక్కులకు 2012 ఏప్రిల్ నుంచి గడువు మూడు నెలలే. అమెరికా చట్టం ప్రకారం ఆరు నెలలు దాటిన చెక్కును చెల్లించి తీరాలన్న బాధ్యత అక్కడి బ్యాంకుకు లేదు. కంపెనీలు ఇచ్చే చెక్కుల మీద 90 రోజులే చెల్లుతుందని చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉండటం కూడా మామూలే. భూతద్దం పెట్టుకునైనా ఆ వాక్యం వెతకండి. పోస్టులో వచ్చే కాలం, మళ్లీ అమెరికా వెళ్లే కాలం కూడా ఆ గడువులోనే కలుస్తాయి.

తరవాత పేరు. మన వైపు ఇంటిపేరు ముందు ఉంటుంది, పాస్‌బుక్‌లో అది ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. అమెరికా చెక్కులో అదే ఇంటిపేరు పూర్తిగా, చివర వస్తుంది. మనిషి ఒక్కరే అయినా రెండు పేర్లు వేరుగా కనిపిస్తాయి. పాన్, పాస్‌పోర్టు లాంటి వాటిలో పూర్తి పేరు ఉంటే జిరాక్సు జతచేయండి, చాలా బ్రాంచీల్లో దానితో పని జరుగుతుంది. అక్షరాలే తప్పు పడితే పంపినవాళ్లనే వేరే చెక్కు అడగడం మేలు. భార్యాభర్తలిద్దరి పేర్ల మధ్య "అండ్" అని ఉంటే ఇద్దరూ వెనక సంతకం చేయాలి, ఇద్దరికీ కలిపి ఉన్న ఖాతాలోనే వేయాలి.

ఏ దేశపు డబ్బో కూడా చూడండి. డాలరు గుర్తు కనిపించగానే అమెరికా అనుకోవద్దు. కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్ చెక్కుల మీదా అదే గుర్తు ఉంటుంది, విలువలు వేరు.

అసలు ఈ చెక్కు బ్యాంకులో వేయాలా?

ఇది చాలామంది దాటేసే అడుగు. నా అభిప్రాయంలో ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే.

విదేశీ చెక్కు ఇప్పుడు పాతబడిపోయిన పద్ధతి. చాలా బ్యాంకులు వీటిని తీసుకోవడం బాగా తగ్గించాయి. అమెరికా ప్రభుత్వమే 2025 మార్చిలో ఉత్తర్వు ఇచ్చి, ఆ ఏడు సెప్టెంబరు 30 నుంచి తన కాగితపు చెక్కులను చాలావరకు ఆపే పని పెట్టుకుంది. అక్కడి టాక్స్ రిఫండు, సోషల్ సెక్యూరిటీ లాంటివి వచ్చే మనవాళ్లు ఎవరైనా ఇంకా చెక్కు కోసం ఎదురుచూస్తుంటే, నేరుగా ఖాతాలో పడే ఏర్పాటుకు వెంటనే మారాలి.

కాబట్టి ముందు పంపినవాళ్లకు ఒక మెయిల్ పెట్టండి: చెక్కు వెనక్కి పంపిస్తాం, అదే మొత్తం స్విఫ్ట్ ద్వారా, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా, మా ఖాతాకు పంపగలరా అని. కంపెనీలు, ఇన్సూరెన్సు సంస్థలు, షేర్ల బ్రోకర్లు అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. మీ పేరు పాస్‌బుక్‌లో ఉన్నట్టు, ఖాతా నంబరు, బ్యాంకు స్విఫ్ట్ కోడ్, బ్రాంచి చిరునామా ఇస్తే సరిపోతుంది. స్విఫ్ట్ కోడ్ ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఒకటి కాదు, బ్రాంచిలో అడిగి రాసుకోండి. రెండు మాటలు తప్పకుండా చేర్చండి. ఒకటి, డబ్బు డాలర్లలోనే పంపమనండి. వాళ్ల బ్యాంకు అక్కడే రూపాయల్లోకి మార్చి పంపితే ఆ రేటు సాధారణంగా మనకు నష్టం. రెండు, దారి ఖర్చులు పంపేవాళ్లే భరించే పద్ధతిలో పంపమనండి. బ్యాంకుల్లో దాన్ని "అవర్" (OUR) అంటారు. లేకపోతే మధ్యలో ఉండే బ్యాంకు కొంత కోసుకుని మిగతాది పంపుతుంది.

మీకు అమెరికాలో పాత ఖాతా ఇంకా ఉందా? ఉద్యోగం చేసి వచ్చినవాళ్లలో చాలామందికి ఉంటుంది. అయితే చెక్కు వెనక సంతకం చేసి, ఆ బ్యాంకు యాప్‌లో ఫొటో తీసి అక్కడే జమ చేయవచ్చు. విదేశం నుంచి ఫొటో డిపాజిట్ ఒప్పుకుంటారో లేదో ముందు ఆ బ్యాంకునే అడగండి. అక్కడ జమ అయ్యాక ఆ రోజు రేటు, ఫీజు రెండూ చూసుకుని ఇక్కడికి పంపుకోవచ్చు. 2026 జనవరి 1 నుంచి అమెరికా బయటికి పంపే డబ్బు మీద వేసిన 1 శాతం పన్ను నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు (బ్యాంకే రాసిచ్చే చెక్కు) ఇచ్చి పంపేవాళ్లకే. బ్యాంకు ఖాతా నుంచి గానీ అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డు మీద గానీ పంపితే ఆ పన్ను లేదు. ఈ వార్త విని మా వీధిలో ఇద్దరు ముగ్గురు అనవసరంగా టెన్షన్ పడ్డారు, అందుకే చెబుతున్నాను.

మీ పేరు మీద వచ్చిన చెక్కును అక్కడున్న అబ్బాయి ఖాతాలో వేయించడం మాత్రం అంత సులువు కాదు. వెనక రాసిచ్చినా వేరేవాళ్ల పేరు చెక్కును అక్కడి బ్యాంకులు తరచుగా నిరాకరిస్తాయి. ఇక అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపే పిల్లలు చెక్కు రాసి పోస్టు చేయడం పూర్తిగా మానేయాలి.

కువైట్ సంగతి వేరే. మన రాయలసీమ నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు ఎందరో. పని మానేసి వచ్చేటప్పుడు చివరి లెక్క చెక్కుగా ఇస్తే, దాన్ని జేబులో పెట్టుకుని విమానం ఎక్కకండి. అక్కడే ఖాతాలో వేసి, పాస్ అయ్యాక ఎక్స్‌చేంజ్ ద్వారా పంపి రండి. ఒకరోజు టికెట్ మార్చుకోవలసి వచ్చినా సరే. దినారు చెక్కును ఇక్కడి నుంచి వసూలు చేయించడం చాలా కష్టం.

ఏ దారీ కుదరకపోతే అప్పుడు చెక్కు పట్టుకుని బ్యాంకుకు వెళ్దాం. ఒక హెచ్చరిక. తిరుపతిలో యాత్రికుల డాలర్లు, పౌండ్లు మార్చే మనీ చేంజర్ల దగ్గరికి చెక్కు తీసుకెళ్లవద్దు. వాళ్లకు ఉన్న అనుమతి నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు కొనడానికే. మామూలు చెక్కు తీసుకుని డబ్బు ఇస్తాం అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

బోర్డు మీద రేట్లు ఎలా చదవాలి

ఫోనులో వెతికితే కనిపించే డాలరు రేటు బ్యాంకులు తమలో తాము కొనే, అమ్మే ధరల మధ్య రేటు. కౌంటర్లో అది ఎవరికీ రాదు. బ్యాంకు రోజూ ఒక కార్డు రేటు ప్రకటిస్తుంది. అందులో ఒకే డాలరుకు నాలుగైదు ధరలు ఉంటాయి. మనం చూడవలసింది "బయింగ్" వైపు, ఎందుకంటే మన డాలర్లను బ్యాంకు కొంటోంది. "సెల్లింగ్" వైపు అంకె పెద్దగా ఉంటుంది, దాన్ని చూసి ఆశపడవద్దు.

బయింగ్‌లో టీటీ (టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్), బిల్, నోట్లు అని ఉంటాయి. డబ్బు ఇప్పటికే విదేశంలో ఉన్న బ్యాంకు సొంత ఖాతాలో పడిపోయి ఉంటే టీటీ బయింగ్ వేస్తారు. ఆ ఖాతాను నోస్ట్రో అంటారు. మనకు దక్కే ధరల్లో ఇదే ఎక్కువ. డబ్బు ఇంకా రాకముందే బ్యాంకు మన చెక్కును కొని రూపాయలు ఇస్తే బిల్ బయింగ్, అది కొంచెం తక్కువ. నోట్ల రేటు అన్నిటికంటే తక్కువ.

లెక్క సులువుగా అర్థం కావడానికి మధ్య రేటు 85.00 అనీ, టీటీ 84.30, బిల్ 84.20, నోట్లు 83.20 అనీ ఊహించుకుందాం. 3,000 డాలర్లకు టీటీ ప్రకారం 2,52,900 వస్తుంది. బిల్ రేటుకు 2,52,600. పొరపాటున నోట్ల రేటు వేస్తే 2,49,600 మాత్రమే. అంటే టీటీ గడికి బదులు నోట్ల గడి చూస్తే 3,300 రూపాయలు పోయినట్టే.

మా మామ విషయంలో జరిగిన తప్పు ఇదే. చెక్కును వసూలుకు పంపి, డబ్బు నోస్ట్రోలో పడ్డాకే ఆయనకు ఇచ్చారు. అలాంటప్పుడు టీటీ రేటు రావాలి, బిల్ రేటు కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి: వసూలైన డబ్బుకు టీటీ బయింగ్.

పెద్ద మొత్తం ఉంటే, అంటే పది వేల డాలర్లు, ఆ పైన, కార్డు రేటుతో సరిపెట్టుకోకండి. "ట్రెజరీని అడిగి మంచి రేటు ఇప్పించండి" అని మేనేజర్‌ను అడగండి. ట్రెజరీ అంటే బ్యాంకులో మారకం రేట్లు చూసే విభాగం. ఇది బతిమాలడం కాదు, వ్యాపారులు రోజూ చేసేదే. డాలరుకు 30 పైసలు పెరిగినా పది వేల డాలర్లకు 3,000 రూపాయలు.

వసూలుకా, కొనుగోలుకా

బ్యాంకు చెక్కు తీసుకునే పద్ధతులు ముఖ్యంగా రెండు. వసూలుకు పంపితే చెక్కు ముంబై లాంటి చోట ఉండే కేంద్ర విభాగానికి, అక్కడి నుంచి విదేశానికి వెళ్తుంది. డబ్బు వచ్చాక, చెక్కు తిరిగిరాదని తేలడానికి కూలింగ్ పీరియడ్ అని కొన్ని రోజులు ఆగి, మన ఖాతాలో వేస్తారు. మొత్తం వారాలు పడుతుంది. రేటు వచ్చిన రోజుది.

కొనుగోలు అయితే వెంటనే రూపాయలు వస్తాయి, ఇవాళ్టి రేటు ఖాయమవుతుంది. బాగా పరిచయమున్న ఖాతాదారులకే, అదీ కొంత మొత్తం వరకే చేస్తారు. 2013 ఆగస్టులో మామ చెక్కు అలా కొనుగోలు అయి ఉంటే ఆయనకు దాదాపు పూర్తి లెక్క దక్కేది. మరి అందరూ ఇదే అడగవచ్చు కదా? ఇందులో ఒక గొయ్యి ఉంది. చెక్కు తిరిగివస్తే బ్యాంకు మీ దగ్గర డాలర్లు తిరిగి రాబట్టుకుంటుంది, అదీ ఆ రోజు సెల్లింగ్ రేటుకు. పైన ఊహించుకున్న 84.20కి కొని, తిరిగివచ్చిన రోజు సెల్లింగ్ 86.10 ఉంటే, 3,000 డాలర్ల మీద 5,700 రూపాయలు మీ జేబులోంచి పోతాయి. వడ్డీ, రిటర్న్ ఛార్జీ దానిపైన. పంపింది పేరున్న సంస్థ అని, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని గట్టి నమ్మకం ఉంటేనే కొనుగోలు అడగండి.

డాలరు పెరుగుతుందేమో అని చెక్కును బీరువాలో దాచేవాళ్లనూ చూశాను. చెక్కుకు గడువు ఉంది, డాలరుకు లేదు. ఎదురుచూడాలంటే చెక్కుతో కాదు, డాలర్లతోనే ఎదురుచూడాలి. దానికి తగిన ఖాతాలు ఉన్నాయి.

ఏ ఖాతాలో వేయాలి

విదేశంలో ఉండి శాశ్వతంగా తిరిగివచ్చినవాళ్లు ఆర్ఎఫ్‌సీ ఖాతా తెరవవచ్చు. అందులో డబ్బు డాలర్లుగానే ఉంటుంది, మనకు నచ్చిన రోజు, నచ్చిన మొత్తం మార్చుకోవచ్చు. అక్కడి పింఛను, పాత పొదుపు చెక్కుగా వచ్చేవాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనిపించలేదు. ఇప్పటికీ విదేశంలోనే ఉండి సెలవుకు వచ్చినవాళ్లయితే రూపాయల్లో ఉండే ఎన్ఆర్ఈ ఖాతా, లేదా డాలర్లలోనే డిపాజిట్ చేసే ఎఫ్‌సీఎన్ఆర్ ఉంది. దాని కాలం ఏడాది నుంచి ఐదేళ్లు. ఎగుమతి చేసేవాళ్లకు ఈఈఎఫ్‌సీ ఖాతా, అయితే ఆ నెల వచ్చిన డాలర్లను వచ్చే నెలాఖరులోగా మార్చేయాలన్నది మామూలు నియమం.

ఇక్కడే ఉండే అమ్మానాన్నలకు, సాధారణంగా పొదుపు ఖాతానే దారి. వాళ్ల డబ్బు వచ్చిన రోజు రేటుకు రూపాయలవుతుంది. అందుకే టీటీ రేటు సంగతి వాళ్లకు మరీ ముఖ్యం.

బ్యాంకులో ఏం అడగాలి, ఏం రాసివ్వాలి

మీ ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లండి. విదేశీ మారకం చూసేది అన్ని బ్రాంచీలు కాదు. పుత్తూరు, పలమనేరు లాంటి చోట్ల బ్రాంచిలో ఈ పని తెలిసినవాళ్లు లేకపోతే, ఫారెక్స్ చూసే పెద్ద బ్రాంచి ఏదో కనుక్కుని అక్కడి ఆఫీసరుతో ఒకసారి ఫోనులో మాట్లాడించమనండి. నెల మొదటి వారం, బ్రహ్మోత్సవాల రోజులు కాకుండా మామూలు రోజు, పదిన్నర ప్రాంతంలో వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడే తీరిక వాళ్లకు ఉంటుంది.

చెక్కు బ్యాగులోంచి తీయకముందే ఇవి అడగండి:

- ఈ దేశపు, ఈ కరెన్సీ చెక్కు మీరు తీసుకుంటున్నారా? ఆ కరెన్సీలో మీకు నోస్ట్రో ఖాతా ఉందా? లేకపోతే కెనడా డాలరు ముందు అమెరికా డాలరుగా, తరవాత రూపాయిగా రెండుసార్లు మారే ప్రమాదం ఉంది.
- వసూలుకు పంపితే ఏ రోజు రేటు, టీటీనా బిల్లా?
- మీ కమీషన్, కొరియర్ ఖర్చు, అవతలి బ్యాంకు ఛార్జీలు కలిపి సుమారు ఎంత? తిరిగివస్తే ఎంత?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి చిన్న చెక్కుల సంగతి తేల్చుకోవచ్చు. 40, 50 డాలర్ల చెక్కు అయితే ఖర్చులు పోను చేతికి ఏమీ మిగలకపోవచ్చు. దాన్ని వెనక్కి పంపి, వేరే దారిలో ఇమ్మని అడగడమే లాభం.

జీఎస్టీ గురించి ఎవరినీ అడగక్కర్లేదు, మనమే లెక్క వేసుకోవచ్చు. బ్యాంకులు సాధారణంగా పాటించే పద్ధతిలో, మార్చిన మొత్తం లక్ష లోపు ఉంటే అందులో 1 శాతాన్ని, కనీసం 250 రూపాయలను, సేవ విలువగా తీసుకుంటారు. లక్ష నుంచి పది లక్షల వరకు 1,000 రూపాయలు, లక్ష దాటిన దానిపై అర శాతం. ఆ విలువ మీద 18 శాతం పన్ను. పైన చెప్పిన 2,52,900కు సేవ విలువ 1,764.50, పన్ను సుమారు 318 రూపాయలు. మొత్తం సొమ్ము మీద 18 శాతం అని భయపెట్టేవాళ్ల మాట నమ్మకండి.

తరవాత తెల్ల కాగితం మీద ఇలా రాసివ్వండి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి:

"మేనేజర్ గారికి, దీనితో జతచేసిన ఫలానా నంబరు, ఫలానా తేదీ, ఇన్ని డాలర్ల చెక్కును వసూలుకు పంపగలరు. సొమ్ము మీ నోస్ట్రో ఖాతాలో జమ అయిన తరవాత టీటీ బయింగ్ రేటు ప్రకారం నా ఖాతాకు జమ చేయగలరు. నోస్ట్రోలో జమ అయిన తేదీ, వేసిన రేటు, మినహాయించిన ఖర్చులు విడివిడిగా చూపే అడ్వైస్ ఇవ్వగలరు."

ఈ ఉత్తరం ఇచ్చినవాళ్ల చెక్కును బ్రాంచిలో జాగ్రత్తగా చూడటం నేను స్వయంగా గమనించాను. పాన్, ఆధార్ జిరాక్సులు, చెక్కుతో వచ్చిన కాగితం, డబ్బు దేనికి వచ్చిందో తెలిపే డిక్లరేషన్ కూడా ఇవ్వాలి. ఇంటి ఖర్చులకు విదేశంలోని మనవాళ్లు పంపినదైతే పి1301, బహుమతి అయితే పి1302 అనే పర్పస్ కోడ్ వేస్తారు. చెక్కు వెనక పైభాగంలోనే సంతకం చేయండి. ముందు వైపు పేరు ఎలా ఉందో అలా ఒకసారి, బ్యాంకులో ఇచ్చిన నమూనా సంతకం కింద ఒకసారి. "ఈ గీత కింద రాయవద్దు" అన్న చోట చేయి పెట్టకండి.

తోబుట్టువులు, పిల్లలు పంపిన బహుమతికి ఆదాయపు పన్ను లేదు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చినది 50,000 రూపాయలు దాటితే పన్ను లెక్కలో చూపాలి. ఊరి గుడి పేరు మీద, ట్రస్టు పేరు మీద చెక్కు వస్తే మాత్రం ఆగండి. పంపినవారు విదేశీ పౌరసత్వం తీసుకున్నవారైతే, మన ఊళ్లో పుట్టినవారే అయినా, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. భక్తితో పంపిన డబ్బు కమిటీ పెద్దల మెడకు చుట్టుకోకూడదు కదా.

తెలియనివాళ్ల చెక్కు

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లకు, చిన్నచిన్న ఆన్‌లైన్ వ్యాపారాలు చేసేవాళ్లకు ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. మోసం ఇలా నడుస్తుంది. విదేశం నుంచి ఒకరు ఆర్డరు ఇస్తారు. 800 డాలర్ల సరుకుకు 2,800 డాలర్ల చెక్కు వస్తుంది. పొరపాటున ఎక్కువ రాశాం, మిగతా 2,000 మా రవాణా ఏజెంటుకు పంపేయండి అంటారు. ఈలోగా బ్యాంకులో చెక్కు సొమ్ము జమ అయినట్టు కనిపిస్తుంది. మీరు మంచితనంతో పంపేస్తారు. కొన్ని వారాలకు చెక్కు నకిలీది అని తిరిగివస్తుంది. బ్యాంకు మొత్తం మీ దగ్గరే రాబట్టుకుంటుంది, సెల్లింగ్ రేటుతో సహా. సరుకు పోయింది, చేతి డబ్బూ పోయింది.

జమ అయినట్టు కనిపించడం వేరు, చెక్కు నిజంగా చెల్లడం వేరు. క్యాషియర్ చెక్కు అని అచ్చు ఉన్నా అంతే. కూలింగ్ పీరియడ్ అయిపోయి, "ఇది తుది జమేనా" అని బ్యాంకును అడిగి రాతలో తెలుసుకునేదాకా సరుకు కదిలించకండి, ఒక్క రూపాయి కూడా వెనక్కి పంపకండి. నెలల తరబడి చెట్టు రంగులు కాచి వేసిన బట్ట అది, నాలుగు వారాలు ఆగలేని కొనుగోలుదారు అక్కర్లేదు.

డబ్బు పడ్డాక

చెక్కు ఇచ్చిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. మూడు వారాలకొకసారి బ్రాంచిలో కనుక్కోండి. జమ అయిన రోజు అడ్వైస్ చేతికి తీసుకుని, నోస్ట్రో తేదీ, మీ ఖాతాలో పడిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రోజు కార్డు రేటులో టీటీ బయింగ్ ఎంతో చూసి హెచ్చవేయండి. ఖర్చులు, పన్ను తీసేస్తే పాస్‌బుక్ అంకె రావాలి. ఎఫ్ఐఆర్‌సీ అని అందరూ పిలిచే ఇన్‌వర్డ్ రెమిటెన్స్ కాగితాన్ని కూడా అప్పుడే అడిగి తీసుకుని పన్ను కాగితాల ఫైల్లో పెట్టండి. రెండేళ్ల తరవాత అడిగితే దొరకడం కష్టం.

రెండు తేదీల మధ్య దూరం ఎక్కువగా ఉంటే ఊరుకోవద్దు. అవతలి దేశంలో జరిగిన ఆలస్యానికి మన బ్యాంకు బాధ్యత తీసుకోదు. కానీ డబ్బు నోస్ట్రోలో పడి, కూలింగ్ పీరియడ్ కూడా అయ్యాక వారం దాటినా మన ఖాతాలో వేయకపోతే, చాలా బ్యాంకుల నష్టపరిహార విధానంలో వడ్డీతో పాటు, ఈలోగా రేటు పడిపోయి ఉంటే ఆ నష్టం కూడా ఇస్తామని ఉంటుంది. ఆ విధానం బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. విదేశీ చెక్కుల పేరా ప్రింటు తీసి, గీత గీసి, అర్జీకి జతచేయండి. దాని గురించి కౌంటర్లో ఉన్నవాళ్లకే తెలియకపోవడం నేను చూశాను, కాగితం చూపిస్తే మాట మారుతుంది.

ముందు బ్రాంచికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆన్‌లైన్‌లో ఆర్‌బీఐ సీఎంఎస్ పోర్టల్ ఉంది, వివరాలకు 14448కు ఫోన్ చేస్తే చెబుతారు. ముద్ర వేయించుకున్న ఆ రెండో కాపీ, చెక్కు ఫొటోలు, అడ్వైస్, పాస్‌బుక్ పేజీ జతచేయాలి. వకీలు అక్కర్లేదు, ఫిర్యాదుకు రుసుమూ లేదు.